సైకిలుకు పవర్ మీటరు: కాళ్ళ లెక్క, గుండె లెక్క

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

“మావారికి యాభై రెండేళ్ళు. బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్ళ కిందట గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశారు. వ్యాయామం చెయ్యమని డాక్టరుగారు చెప్పారు. నడక విసుగని ఆర్నెల్లుగా సైకిలు తొక్కుతున్నారు. తెల్లవారుజామున తోడు వచ్చే కుర్రాళ్ళు ‘పవర్ మీటరు పెట్టించుకోండి అంకుల్, 200 వాట్లకు తగ్గకుండా తొక్కితేనే వ్యాయామం’ అంటున్నారట. అమెరికాలో వున్న మా అబ్బాయి కొని పంపిస్తానంటున్నాడు. నాకు మాత్రం భయంగా వుంది. ఆ మీటరు గుండెకు మంచిదా, చెడ్డదా? కొనమంటారా, వద్దంటారా?”

అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. అయితే భయపడవలసింది మీటరును చూసి కాదు, ఆ 200 అనే అంకెను చూసి. మీటరు ఒక తూకం మాత్రమే. తూకం ఎవరికీ మంచీ చెయ్యదు, చెడూ చెయ్యదు. ఎంత తూచాలో తెలియకుండా తూచడంలోనే వుంది ప్రమాదం.

సైకిలు మళ్ళీ మధ్యతరగతి ఇళ్ళలోకి వస్తున్నది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన, సౌరఫలకాల కప్పు కింద, 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరులో ప్రారంభించారు. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలపాటు ఓ మాదిరి శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందుకు సైకిలు చక్కని సాధనం. ఆ ‘ఓ మాదిరి’ అనేది ఎవరికెంత అన్నదే అసలు ప్రశ్న. అందుకని ఈ వారం పవర్ మీటరు గురించే వివరంగా చెప్పుకుందాం.

వాటు అంటే ఏమిటి?

ఇంట్లో బల్బు మీద రాసివుండే వాటే ఇది. ఒక సెకండులో ఎంత పని జరుగుతున్నదో చెప్పే కొలత. డెబ్బై కిలోల మనిషి మూడు మీటర్ల ఎత్తున్న మేడ మెట్లు అరనిమిషంలో ఎక్కాడనుకోండి. అతని కాళ్ళు సుమారు 70 వాట్ల చొప్పున పని చేశాయన్నమాట. అవే మెట్లు పావు నిమిషంలో ఎక్కితే 140 వాట్లు అవుతుంది. మెట్లు అవే, మనిషీ అతడే. గుండె మీద పడే బరువు మాత్రం రెండింటికీ ఒకటి కాదు.

సైకిలు మీద ఈ పనిని కొలిచేదే పవర్ మీటరు. పెడలు తొక్కినప్పుడు ఇనుమైనా, అల్యూమినియమైనా కంటికి కనబడనంత స్వల్పంగా వంగుతుంది. అక్కడ అంటించిన సన్నని రేకు కూడా దానితోబాటు సాగుతుంది. రేకు సాగితే దానిలో విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పునుబట్టి ఎంత బలంతో తొక్కారో, పెడలు ఎంత వేగంగా తిరుగుతున్నదో లెక్కకట్టి, వాట్లలో చూపిస్తుంది. జర్మనీకి చెందిన ఉల్రిచ్ షోబెరర్ అనే ఇంజనీరు 1986లో స్థాపించిన సంస్థతో ఈ పరికరం పందెగాళ్ళ సైకిళ్ళకు ఎక్కింది. ఇప్పుడు మామూలు మనుషుల సైకిళ్ళకూ వచ్చింది.

వేగం చూస్తే చాలదా?

చాలదు. గాలి లేని చదును రోడ్డు మీద, మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనుకుంటే, గంటకు 15 కిలోమీటర్ల వేగానికి ఇంచుమించు 50 వాట్లు సరిపోతాయి. ఎదురుగాలి గంటకు 10 కిలోమీటర్లు వీచిందంటే, అదే వేగానికి 90 వాట్ల దాకా కావాలి. ఇక ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు, వంద మీటర్లకు మూడు మీటర్లు లేచే ఏటవాలు మీద అదే వేగం నిలబెట్టాలంటే 150 వాట్లు దాటుతుంది. వేగం ముల్లు మూడుసార్లూ 15 దగ్గరే నిలబడి వుంటుంది. కాళ్ళకు మాత్రం మూడింతల పని పడింది! గుండెజబ్బు వున్నవారికి ఫ్లైఓవరు మీద ఆయాసం రావడానికి కారణం ఇదే. అక్కడ తేలిక గేరు వేసుకుని ఆరు కిలోమీటర్ల వేగానికి తగ్గితే మళ్ళీ 50, 55 వాట్లలోకి దిగుతుంది. గేర్లు లేని సైకిలైతే దిగి నడిపించుకు వెళ్ళండి. అందులో నామోషీ ఏమీ లేదు.

200 వాట్ల సంగతి

ట్రెడ్‌మిల్లు పరీక్ష రిపోర్టు తీసి చూడండి. అందులో ‘మెట్స్’ అని ఒక అంకె వుంటుంది. కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం వాడుకునే ప్రాణవాయువు ఒక మెట్. ఏడు మెట్స్ అంటే దానికి ఏడింతలు. ఆ మనిషి పరీక్షలో అంతవరకు వెళ్ళగలిగాడన్నమాట.

సైకిలు వాట్లను మెట్స్‌లోకి మార్చడానికి వ్యాయామ వైద్యులు వాడే లెక్క ఒకటి వుంది. వాట్లను 10.8తో గుణించి, కిలోలలో శరీరం బరువుతో భాగించి, 7 కలపాలి. వచ్చినదాన్ని 3.5తో భాగించాలి. డెబ్బై కిలోల మనిషికి అది ఇలా వస్తుంది:

50 వాట్లు — సుమారు 4.2 మెట్స్
100 వాట్లు — సుమారు 6.4 మెట్స్
150 వాట్లు — సుమారు 8.6 మెట్స్
200 వాట్లు — సుమారు 10.8 మెట్స్

ఉదాహరణకు మీవారి రిపోర్టులో 7 మెట్స్ అని వుందనుకుందాం. అది ఆయన శక్తికి చివరిగట్టు. ఆ కుర్రాళ్ళు చెప్పే 200 వాట్లు ఆ గట్టుకు చాలా అవతల వున్నాయి. 7 మెట్స్ శక్తి వున్న డెబ్బై కిలోల మనిషికి ఓ మాదిరి శ్రమ అంటే, లెక్కప్రకారం 30 నుంచి 60 వాట్లు మాత్రమే. పైగా ట్రెడ్‌మిల్లు మీద వచ్చినంత శక్తి సైకిలు మీద, అలవాటు లేనివారికి, సాధారణంగా రాదు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి 200 వాట్లు చెమట పట్టించే వ్యాయామం కావచ్చు. స్టెంటు వేయించుకున్న తండ్రికి అది ఆసుపత్రి దారి కావచ్చు. ఒకరి కళ్ళజోడు ఇంకొకరు పెట్టుకోనట్లే, ఒకరి వాట్లు ఇంకొకరు తొక్కకూడదు.

కాబట్టి మొదటి పని మీటరు కొనడం కాదు. గుండె డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, అవసరమంటే మళ్ళీ పరీక్ష చేయించుకుని, “సైకిలు మీద ఎన్ని వాట్ల దాకా వెళ్ళవచ్చు, నాడి ఎంతదాకా పోవచ్చు?” అని రెండు అంకెలు రాయించుకోవడం. ఆ కాగితం చేతికి వచ్చాక మీటరు ఉపయోగపడుతుంది. అది రాకముందు మీటరు కొంటే ప్రాణానికి పందెం కాసే వస్తువే అవుతుంది.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కరలేదు?

పాలకూ కూరలకూ సైకిలు మీద వెళ్ళేవారికి, సాయంకాలం అరగంట సరదాగా తొక్కేవారికి అక్కరలేదు. పందేలకు తయారయ్యేవారికి కావాలి. వీరుగాక మరొక వర్గం వుంది. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకరు మందులు వాడేవారిలో నాడి తొందరగా పెరగదు. ‘220లోంచి వయస్సు తీసెయ్యండి’ అనే లెక్క వీరికి పనికిరాదు. నాడి నెమ్మదిగానే వుంది కదా అని వీరు హద్దు దాటిపోయే అవకాశం వుంది. ఇటువంటివారికి డాక్టరు చెప్పిన హద్దులో వుండడానికి వాట్ల లెక్క నిజంగా సాయపడుతుంది.

ఏ రకం ఎంచుకోవాలి?

మీటరు వుండే చోటునుబట్టి ముఖ్యంగా నాలుగు రకాలు.

ఎడమ క్రాంకు మీటరు: ఎడమవైపు క్రాంకు లోపలి పక్కన చిన్న డబ్బా వుంటుంది. ఉన్నవాటిలో చవక. ఇది ఎడమకాలి బలాన్ని మాత్రమే కొలిచి, రెట్టింపు చేసి చూపిస్తుంది. రెండు కాళ్ళూ సమానమైనవారికి ఇబ్బంది లేదు. మోకాలి ఆపరేషనో, పోలియోనో, నడుమునుంచి కాలిలోకి లాగే నొప్పో వున్నవారికి లెక్క తప్పుతుంది. ఎడమకాలు 60 వాట్లు, కుడికాలు 40 వాట్లు పని చేస్తే నిజం 100. మీటరు చూపించేది 120.

పెడళ్ళ మీటరు: ఒక సైకిలు నుంచి మరొకదానికి సులభంగా మార్చుకోవచ్చు. రెండు పెడళ్ళలోనూ మీటరు వున్న జత కొంటే రెండు కాళ్ళ లెక్కా విడివిడిగా తెలుస్తుంది. అయితే వీటిలో చాలావాటికి బూటును పెడలుకు బిగించే క్లీట్లు కావాలి. సిగ్నలు దగ్గర బూటు సమయానికి వూడిరాక, సైకిలుతో సహా పక్కకు పడిపోవడం కొత్తవారికి మామూలే. స్టెంటు వేయించుకున్నవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడుతూవుంటారు. వారికి చిన్న దెబ్బైనా రక్తం ఒక పట్టాన ఆగదు. అందుచేత వీరు మామూలు చదును పెడళ్ళు వుంచుకుని, క్రాంకు మీటరు పెట్టించుకోవడమే మేలు. హెల్మెట్టు తప్పనిసరి.

పళ్ళచక్రం దగ్గర, కుడి క్రాంకులో వుండే మీటరు: రెండు కాళ్ళు పెట్టే మొత్తం బలాన్ని కొలుస్తుంది. నికరమైనది, ఖరీదైనది. బిగించడానికి నేర్పరి కావాలి.

వెనక హబ్బు మీటరు: చక్రంలోనే వుంటుంది. చక్రం మారిస్తే మీటరూ పోతుంది. ఇప్పుడు వాడకం తగ్గింది.

మంచి మీటర్లు నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించి తేడా చూపించవని తయారీదార్లు చెబుతారు. ఆరోగ్యం కోసం తొక్కేవారికి అది చాలు. ఇంకా నికరమైనదని రెట్టింపు ధర పెట్టనక్కరలేదు.

డబ్బు కట్టేముందు సైకిలును ఒకసారి దుకాణానికి తీసుకువెళ్ళి చూపించండి. కాటరు పిన్నుతో బిగించే పాతకాలపు నల్ల సైకిలుకు ఈ క్రాంకు మీటర్లు సరిపడవు. గేరు సైకిళ్ళలో కూడా యాక్సిలు రకాలు వేరువేరుగా వుంటాయి. క్రాంకు లోపలి పక్కన 165, 170, 172.5, 175 అని మిల్లీమీటర్లలో పొడవు రాసివుంటుంది. కొనేది అదే పొడవు వుండాలి. మీటరు డబ్బా ఫ్రేముకు రాసుకోకుండా ఖాళీ వుందో లేదో చూసుకోవాలి. మీ అబ్బాయి అమెరికానుంచి పంపేముందు ఈ వివరాలన్నీ ఫోటోలు తీసి పంపండి. సరిపడని వస్తువు సముద్రాలు దాటి వచ్చాక తిరిగి పంపడం కష్టం.

బిగించడం ఎలా?

రెండు బోల్టులతో బిగించే ఎడమ క్రాంకు అయితే పని కష్టం కాదు. చివర వున్న ప్లాస్టిక్ మూత విప్పి, బోల్టులు రెండూ వదులు చేసి, మధ్యనున్న చిన్న రేకు నాలుకను పైకి లేపితే పాత క్రాంకు బయటికి వస్తుంది. యాక్సిలు పళ్ళను శుభ్రంగా తుడిచి కాస్త గ్రీజు రాయండి. కొత్త క్రాంకు కుడిదానికి సరిగ్గా ఎదురుదిక్కున వుండేటట్లు ఎక్కించండి. ప్లాస్టిక్ మూతను ఆట పోయేవరకే, చేతి బిగువుతో తిప్పండి. ఎక్కువ బిగిస్తే బేరింగు పాడవుతుంది. నాలుకను కిందికి నొక్కి, బోల్టులను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. షిమనో హాలోటెక్ రకానికి 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల బిగువు వుండాలి. ఇది అంచనామీద చేసే పని కాదు. టార్క్ రెంచి వున్న దుకాణంలోనే చేయించండి. క్రాంకు నడిరోడ్డు మీద వూడితే పడేది మనిషి.

పెడళ్ళకు ఒక కిటుకు గుర్తుంచుకోండి. ఎడమ పెడలు మర తిరగబడి వుంటుంది. రెంచిని పైకి నిలబెట్టి ముందుచక్రం వైపు తిప్పితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి. వెనక్కి తిప్పితే వూడతాయి. మరకు గ్రీజు రాయకుండా ఎక్కించవద్దు.

బిగించాక హేండిలు మీది చిన్న కంప్యూటరుతోగాని, ఫోనుతోగాని మీటరును జత చెయ్యాలి. పెడళ్ళ మీటరైతే క్రాంకు పొడవు మనమే చెప్పాలి. 170 వున్నచోట 172.5 అని చెబితే నూటికి ఒకటిన్నర వంతు ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడుసార్లు తొక్కాక బోల్టుల బిగువు మళ్ళీ చూపించండి.

పాసంగం చూడండి

తక్కెడతో సరుకు తూచే దుకాణదారు ముందుగా సిబ్బెలు రెండూ సమంగా వున్నాయో లేవో చూస్తాడు. పాసంగం చూడడమంటారు దాన్ని. మీటరుకూ అంతే. బరువేమీ లేనప్పుడు సున్నా చూపించాలి. చలికీ వేడికీ లోహం కొద్దిగా మారుతుంది కాబట్టి ఆ సున్నా జరుగుతూవుంటుంది. ఇంట్లోంచి తీసిన సైకిలును బయట పది నిమిషాలు నిలపండి. పెడళ్ళ మీద కాలు పెట్టకుండా, తయారీదారు చెప్పిన స్థితిలో క్రాంకు వుంచి, కంప్యూటరులో ‘జీరో’ చెయ్యండి. తొక్కే ప్రతిరోజూ ఇది చేస్తే మంచిది. బ్యాటరీ నీరసించినా అంకెలు అస్తవ్యస్తమౌతాయి.

అంకె కన్నా ఒళ్ళు ముఖ్యం

వాట్లు కాళ్ళ లెక్క. నాడి గుండె లెక్క. రెండూ పక్కపక్కనే చూడాలి. జనవరి చలిలో 60 వాట్లకు 100 కొట్టుకునే నాడి, మే నెల ఎండలో అదే 60 వాట్లకు 115, 120కి పోవచ్చు. చర్మాన్ని చల్లబరచడానికి కూడా గుండే రక్తాన్ని పంపాలి కదా. చెమటతో నీరు పోయినా, రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం తగిలినా ఇదే జరుగుతుంది. అప్పుడు అంకె నిలబెట్టుకోవాలని పంతం పట్టకండి. నాడి హద్దుకు చేరగానే వాట్లు తగ్గించండి. జ్వరమున్న రోజు సైకిలు తియ్యనేవద్దు.

ఛాతీలో నొప్పి, బరువు, మంట, దవడకో, ఎడమచేతికో పాకే నొప్పి, మామూలు కాని ఆయాసం, కళ్ళు తిరగడం, చల్లని చెమట — వీటిలో ఏది వచ్చినా వెంటనే దిగి కూర్చోండి. ‘ఇంకో కిలోమీటరేగా’ అనుకోవద్దు. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. ఒంటరిగా తొక్కేవారు మందుల చీటీ, ఇంటి ఫోన్ నెంబరు జేబులో వుంచుకోవాలి.

ఇక మీ ప్రశ్నకు జవాబు. కొనవచ్చు, అమ్మా. అయితే డాక్టరుగారు రాసిన రెండు అంకెల కాగితం ముందు, మీటరు తరవాత. ఆ కాగితంలోని పై అంకె దాటగానే మోగేటట్లు కంప్యూటరులో గంట పెట్టించండి. కుర్రాళ్ళతో బయల్దేరవచ్చు. వాళ్ళతో సమంగా తొక్కనక్కరలేదు. వాళ్ళు ముందుకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు కలుసుకుంటారు.

మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్ళు. 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కి తన వాట్ల హద్దు తెలుసుకుంటానంటున్నాడు. చెయ్యనివ్వవచ్చునా? — వరంగల్లు పాఠకుడు

జవాబు: ఆరోగ్యంగా వుండి, కొన్ని నెలలుగా క్రమంగా తొక్కుతూవుంటే చెయ్యనివ్వవచ్చు. ఇరవై నిమిషాల సగటులో నూటికి 95 వంతులు గంటసేపు నిలిచే శక్తిగా లెక్కవేస్తారు. అయితే వ్యాయామంలో ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, దగ్గరి బంధువుల్లో చిన్నవయస్సులోనే హఠాత్తుగా పోయినవారు వున్నా, ముందు గుండె పరీక్ష చేయించండి. గుండెజబ్బు వున్నవారు ఈ పరీక్ష సొంతంగా చెయ్యనేకూడదు.

ప్రశ్న: మీటరు ‘360 కిలోజౌళ్ళు’ అని చూపించింది. ఎంత బరువు తగ్గుతాను? — గుంటూరు పాఠకురాలు

జవాబు: 100 వాట్ల చొప్పున ఒక గంట తొక్కితే వచ్చేది అంతే. శరీరం ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే పెడలుకు చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. అందువల్ల కిలోజౌళ్ళ అంకే ఇంచుమించు కిలోకాలరీల అంకె అవుతుంది. 360 కిలోకాలరీలంటే తొంభై గ్రాముల పంచదార. తొక్కి వచ్చి స్వీటు షాపులో ఆగితే లెక్క సరి!

ప్రశ్న: ఇన్సులిన్ తీసుకుంటున్నాను. పొద్దున్నే పరగడుపున సైకిలు తొక్కవచ్చునా? — నెల్లూరు పాఠకుడు

జవాబు: ముందు రక్తంలో చక్కెర చూసుకోకుండా తొక్కవద్దు. శ్రమ వల్ల చక్కెర వెంటనేగాని, కొన్ని గంటల తరవాతగాని పడిపోవచ్చు. ఇన్సులిన్ మోతాదు విషయం మీ డాక్టరుతో మాట్లాడండి. జేబులో గ్లూకోజు పొట్లం వుంచుకోండి. వణుకు, చెమట, తత్తరపాటు కనిపిస్తే దిగి తినండి. తగ్గేదాకా మళ్ళీ ఎక్కవద్దు.

ప్రశ్న: వేలకు వేలు పోసి మీటరు కొనే స్థోమత లేదు. మా గతి ఏమిటి? — అనంతపురం పాఠకుడు

జవాబు: మాటే మీ మీటరు. తొక్కుతూ పక్కవారితో రెండు మూడు వాక్యాలు తడుముకోకుండా మాట్లాడగలిగితే ఓ మాదిరి శ్రమ. మాటకు మాటకు మధ్య వూపిరి తీసుకోవలసివస్తే హెచ్చు. పాట కూడా పాడగలిగితే ఇంకొంచెం తొక్కవచ్చు. గుండెజబ్బు వున్నవారు మాట్లాడగలిగే హద్దు దాటకూడదు. దీనికి బ్యాటరీ అక్కరలేదు.